మెట్టనేల భోజనం

మా కృష్ణా డెల్టాలో భోజనమంటే అన్నమే. కూర మారొచ్చు, పచ్చడి మారొచ్చు, విస్తరి మధ్యలో తెల్లగా పోగుపడేది మాత్రం మారదు. ఇంటి వెనక పంటకాలువ, కాలువ అవతల వరిచేలు, ఇదే లోకమనుకుంటూ పెరిగాం. అలాంటి చోటునుంచి పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాలకు వెళ్తే మాట్లాడేది తెలుగే గానీ తినేది వేరు. పరాయి సంస్కృతి తెలుసుకోవాలంటే విమానం ఎక్కాలని చాలామంది అనుకుంటారు. ధనుర్మాసంలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం మీదుగా తిరిగి వచ్చాక నాకు అలా అనిపించడం లేదు. కంచంలో ఏముందో చూసి ఊరుకోకుండా, అది అక్కడికి ఎందుకొచ్చిందని అడిగితే చాలు, సొంత రాష్ట్రంలోనే మనకు తెలియని ఒక దేశం బయటపడుతుంది. ఈ మూడు ఊళ్లలో ఆ ప్రశ్న ఎవరిని అడిగినా మాట చివరికి నీళ్ల దగ్గరికే వచ్చింది.

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. పక్కనే 1,200 మీటర్లు దాటిన హార్సిలీ కొండలు. డిసెంబరు పొద్దున స్వెటర్ లేకుండా బయటికి రాలేం. ఈ ఎత్తు, ఈ చల్లదనమే ఊరికి టమోటాను తెచ్చిపెట్టాయి. మైదానాల్లో ఎండకు పూత రాలిపోయే కాలంలో కూడా ఇక్కడి చేలలో కాయ నిలుస్తుంది. అందుకే ఎండాకాలంలో మదనపల్లె మండీకి దూర రాష్ట్రాల వ్యాపారులు వచ్చి మకాం వేస్తారు. నేను వెళ్లింది ఆ రద్దీ కాలంలో కాకపోయినా, పొద్దున్నే మండీకి వెళ్తే ప్లాస్టిక్ క్రేట్లు వరసకట్టి ఉన్నాయి. పాట పాడే మనిషి ఒక్కో రైతు సరుకు ముందు ఆగుతాడు. కొనేవాళ్లు పైనున్న రెండు కాయలు తీసి నొక్కి చూస్తారు. పాట మొదలై, మనం అంకె సరిగా వినేలోపే ముగుస్తుంది. రైతు ఆ పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. నెలల సేద్యం ఖరీదు అంత తొందరగా తేలిపోవడం చూస్తే గుండె బరువెక్కుతుంది.

"ధరుంటే పెండ్లి చేస్తాము సార్, లేకుంటే రోడ్డు పక్కన పారబోస్తాము" అన్నాడొక రైతు. అది మాటవరసకు అన్నది కాదు. 2023 జూలై చివర్లో ఇదే మండీలో మేలు రకం కిలో దాదాపు 200 రూపాయలకు చేరింది. కోత కూలి కూడా రాక కాయలను రోడ్డు మీద పోసిన సంవత్సరాలూ ఉన్నాయి.

ఇంతగా ఈ ఊరితో ముడిపడ్డ టమోటా ఇక్కడిది కాదు. దాని అడవి జాతులు దక్షిణ అమెరికా పడమటి అంచువి, తోటపంటగా మారింది మెక్సికోలో. స్పెయిన్ ఓడల్లో ఐరోపాకు, ఐరోపావాళ్ల వెంట మన దేశానికి వచ్చింది. 19వ శతాబ్దం చివర్లో భారతదేశపు పంటల మీద పెద్ద నిఘంటువు కూర్చిన జార్జ్ వాట్, టమోటాను ఇంకా ముఖ్యంగా తెల్లవాళ్ల కోసమే పండిస్తున్నారనీ, దేశస్థులు ఇప్పుడిప్పుడే ఇష్టపడుతున్నారనీ రాశాడు. అంటే మనం అనాదిగా తింటున్నామనుకునే టమోటా పప్పుకు వయసు బాగా తక్కువ. అంతకుముందు పులుపుకు చింతపండు, మామిడికాయ, చుక్కాకు ఉండేవి. చింతకు, మామిడికి ప్రత్యేకంగా నీళ్లు పెట్టే పనిలేదు. టమోటాకు తడి తప్పకూడదు, అందుకే బోర్లు దిగాయి. వెయ్యి అడుగులు దాటి వేసిన బోర్లు ఈ మండలాల్లో కొత్త విషయం కాదు. ఆ అప్పులూ కొత్త కాదు.

మదనపల్లెకు మనుషులూ దూరం నుంచి వచ్చారు. అనీ బిసెంట్ 1915లో పెట్టిన కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఐర్లండ్ కవి జేమ్స్ కజిన్స్ ఉండేవాడు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడికి వచ్చి కొన్నాళ్లు ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చినప్పుడు, ఆ పాటకు స్వరలిపి రాసింది కజిన్స్ భార్య మార్గరెట్. ఆ దంపతులిద్దరూ ఐర్లండ్‌లో ఉండగానే మాంసం మానేసి, అక్కడ శాకాహార ప్రచారం చేసినవాళ్లు. ఊరికి కాస్త దూరంలో ఆరోగ్యవరం ఉంది. 1915లో తెరిచిన ఈ క్షయ ఆసుపత్రిని డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమట్ మోలర్ చాలాకాలం నడిపించాడు. మందులు పుట్టని ఆ రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే చికిత్స. మందులు వచ్చాక, 1959లో వెలువడిన మద్రాసు పరిశోధన ఒకటి ఆ నమ్మకాన్ని మార్చేసింది. సరిగా మందు వాడితే పేదింటి మామూలు తిండి మీద కూడా రోగి శానిటోరియంలో ఉన్నవాడిలాగే కోలుకుంటాడని తేల్చింది. ఆ మామూలు తిండి ఏమిటో చూడాలంటే ఊరి బయటికి, పల్లెల్లోకి పోవాలి.

పుంగనూరు దాటాక ఒక పల్లెలో, ఒకప్పుడు నాతో పనిచేసిన మిత్రుడి తల్లిగారింట్లో దిగాను. ఆమె డెబ్బై దాటిన మనిషి, వంటింటి పని ఇంకా ఎవరికీ వదలలేదు. నేను చూస్తానంటే పీట వేసి కూర్చోబెట్టింది.

సంగటి చేయడం చూడాల్సిన పని. ముందు నూకలు ఎసట్లో వేసి, మెతుకు చిదిమితే నలిగిపోయేదాకా మెత్తగా ఉడికించింది. ఆ గంజి కుతకుతలాడుతుండగా రాగిపిండి మీద కుప్పగా పోసింది. కలపలేదు. తెడ్డు కొనతో కుప్ప మధ్యలో గుంట పెట్టి, సెగ తగ్గించి, మూతపెట్టింది. "ఇప్పుడే కలిపితే ఉండలు కడతాది నాయనా, పిండి లోపల ఉడకల్ల" అంది. గుంటలోంచి గంజి పైకి పొంగి పిండి అంచులు తడిపి, రంగు ముదిరి, పచ్చివాసన పోయాక గిన్నె దించింది. గిన్నెను కదలకుండా పాదాలతో అదిమిపెట్టి, రెండు చేతులతో తెడ్డు పట్టుకుని గెలికింది. అసలు కష్టం అక్కడుంది. భుజం నుంచి వచ్చే బలంతో అంచునుంచి మధ్యకు, అడుగునుంచి పైకి తిప్పుతుంటే పిండీ మెతుకూ ఒకటైపోయి ముద్ద నున్నగా తేలింది. చెయ్యి తడుపుకుని గుండ్రంగా చేసి కంచంలో పెట్టింది. మధ్యలో వేలితో గుంటచేసి నెయ్యి పోసింది. పక్కన పప్పుగుత్తితో ఎనిపిన ఆకుకూర, వేయించిన చెనిక్కాయలు (వేరుశనగలు), ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ వేసి రోట్లో నూరిన ఊరిబిండి.

నేను నమలబోతే ఆపింది. "నమలబాకు నాయనా, అద్దుకోని మింగెయ్." నిజమే, సంగటిని నమిలితే పళ్లకు అంటుకుంటుంది, రుచి తెలియదు. చిన్న తునక తీసి, ఊరిబిండిలో అద్ది, నాలుక మీదనుంచి జారనిస్తే ముందు కారం, వెనక చెనిక్కాయ కమ్మదనం, చివర రాగి మట్టివాసన వస్తాయి. తిన్నాక సాయంత్రం దాకా ఆకలి లేదు. పొలం పనికి పోయే మనిషికి కావలసింది అదే.

"మా చిన్నప్పుడు బియ్యం పండగనాడే" అంది ఆ అవ్వ. "సంగట్లో నూక ఎంతుంటే ఆ ఇంట్లో అంత కలిగినట్టు." ఆ ఒక్క మాటతో ఈ సీమ ఆర్థిక చరిత్ర నాకు అర్థమైంది. ఇక్కడ అన్నం హోదా, రాగి ఆధారం. రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తునేలల్లో పుట్టి వేల ఏళ్ల కిందటే దక్కను చేరిన పంట. నడుమ వాన ముఖం చాటేస్తే వాడిపోయినట్టు కనిపించి, నాలుగు చినుకులు పడగానే మళ్లీ లేస్తుంది. దంటు పశువుల మేతకు వస్తుంది. గింజకు పురుగు తొందరగా పట్టదు, పాతరలో పోసి ఏళ్ల తరబడి దాచుకోవచ్చు. 1876-78 కరువు చూసిన నేల ఇది. దాచుకోగల గింజ మీద ఇంత గౌరవం ఎందుకుందో ఆ చరిత్ర తెలిస్తే వేరే చెప్పక్కర్లేదు. నూరు గ్రాముల రాగిలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని ఇప్పుడు నగరాల్లో ప్యాకెట్ల మీద అచ్చువేసి అమ్ముతున్నారు. మంచిదే. అయితే రాగిని మందుగా మింగే ఇంటికీ, ఆకలికి తినే ఇంటికీ చాలా తేడా ఉంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఒక గంపెడు అనపకాయలు (చిక్కుడు జాతివి) నడింట్లో పోశారు. ధనుర్మాసంలో వెళ్లడానికి నా అసలు కారణం అదే. వానకాలంలో చెనిక్కాయ చేలో సాళ్ల నడుమ అనప గింజలు వేస్తారు. చెనిక్కాయ పీకేశాక తీగ చేనంతా అల్లుకుని, మంచు కురిసే రోజులకు కాయ ముదురుతుంది. మంచు ఎంత పడితే కాయకు అంత వాసన అంటారు. ఒలిచిన వేళ్లకు పచ్చని నూనె జిడ్డు అంటుకుని, సబ్బుతో కడిగినా పోని వాసన పట్టుకుంటుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని ఒలిచారు. గింజలు నీళ్లలో నానేశారు. పొద్దున వాటిని పితకాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజ పెట్టి ఒక చివర నొక్కితే, లోపలి పప్పు తొక్క విడిచి ఎగిరి గిన్నెలో పడుతుంది. పెద్దవాళ్లు చూడకుండానే చకచకా పితికేస్తారు. పిల్లలు ఎవరి పప్పు దూరం పోతుందో పందెం వేస్తారు. కూరకు సరిపడా పప్పు తీయాలంటే నలుగురు కూర్చోవాలి, గంటపైన పడుతుంది. ఈ పని చేతుల్లేకుండా జరగదు. పితికిపప్పు హోటళ్ల బోర్డుల మీద అరుదుగా కనపడటానికి కారణం ఇదే.

కూర కూడా తొందరపడి చేసేది కాదు. ధనియాలు, గసాలు, కొబ్బరి, అల్లం, తెల్లగడ్డ, లవంగాలు, చెక్క నూరి, ఎర్రగడ్డ, టమోటా మగ్గాక ఆ ముద్ద వేయించి, పప్పు వేసి సన్నసెగ మీద ఉడికించారు. మాంసం తినేవాళ్లు ఇందులోనే వేటమాంసం వేస్తారు. మసాలా ఎంత ఘాటుగా ఉన్నా పప్పు వాసన దాన్ని దాటి వస్తుంది. నోట్లో పెడితే వెన్నలా విడిపోతుంది. నా మటుకు రాయలసీమ వంటల్లో మొదటి స్థానం దీనిది. నాటుకోడి పులుసుకు దక్కిన పేరు పితికిపప్పుకు దక్కకపోవడం అన్యాయం.

పుంగనూరు అనగానే ఇప్పుడు అందరూ పొట్టి ఆవు గురించి అడుగుతున్నారు. మూడడుగులు మించని ఎత్తు, కొద్దిపాటి మేత, పాలలో 8 శాతం దాకా వెన్న. ఇది కూడా కరువు నేల తయారుచేసిన జంతువే. మెట్టపొలాల ఎండుగడ్డి తిని బతికే ఆవు ఇంతకంటే పెద్దగా పెరిగితే పేదవాడు మేపలేడు. పాలు ఎక్కువ ఇచ్చే సంకరజాతి ఆవులు వచ్చాక దీన్ని వదిలేశారు, సంఖ్య ప్రమాదకరంగా పడిపోయింది. పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రం జాతిని నిలబెట్టే పని చేస్తోంది. ప్రధానమంత్రి 2024 సంక్రాంతికి తన ఇంట్లో ఈ ఆవులకు మేత పెట్టిన ఫొటోలు దేశమంతా చూశాక, నగరాల్లో బంగళాల ముంగిళ్లలో ముచ్చటకు పెంచేవాళ్లు ఎక్కువయ్యారు. దాన్ని కాపాడటానికి డబ్బు రావడం మంచిదే. కానీ నేను దిగిన పల్లెలో ఆ ఆవు ఒక్క ఇంట్లోనూ లేదు. రాగి అంబలిలో పోసుకునే మజ్జిగ పాకెట్ పెరుగుతో చిలికిందే.

పుంగనూరు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పానికి బస్సు పోతుంటే దారిపొడవునా మల్బరీ తోటలు, కూరగాయల మళ్లు, మధ్యలో కౌండిన్య అభయారణ్యం అంచు. 1980లలో తమిళనాడు వైపు అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చి స్థిరపడ్డాయి. కంకి మీదున్న రాగిచేను అంటే వాటికీ ప్రాణం. రాత్రిళ్లు మంచె మీద కాపలా కాసే రైతు, ఏనుగు తినగా మిగిలిందే తన పంట అంటాడు.

కుప్పం దగ్గర మూడు రాష్ట్రాలు కలుస్తాయి. పడమరకు కోలారు, తూర్పుకు వాణియంబాడి, దక్షిణానికి కృష్ణగిరి. పాలారు కర్ణాటకలో పుట్టి, ఇటుగా కొద్దిదూరం ప్రయాణించి తమిళనాడులోకి దిగుతుంది, చాలా నెలలు ఇసుకగానే. పాలనా సరిహద్దులు ఈ నేల మీద చాలాసార్లు అటూ ఇటూ జరిగాయి. 1911లో చిత్తూరు జిల్లా కూర్చినప్పుడు మదనపల్లె కడప నుంచి, పుంగనూరు, కంగుంది జమీందారీలు ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చి చేరాయి. కుప్పం కంగుంది జమీందారీలోది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడే పెట్టారు, దానికి ఇంతకంటే తగిన చోటు దొరకదు.

రైల్వే స్టేషన్ దగ్గర ఒక చిన్న మెస్సులో భోజనానికి కూర్చున్నాను. యజమానురాలు నాతో తెలుగులో, అరిటాకులు తెచ్చిన మనిషితో తమిళంలో, లారీ డ్రైవర్‌తో కన్నడంలో మాట్లాడుతూనే వడ్డిస్తోంది. ఆమె పెట్టిన ముద్దలో నూక లేదు, ఒట్టి రాగిపిండే, కోలారు పద్ధతి. పక్కన ఉలవచారు. పొయ్యి మీద మరో గిన్నెలో కుస్కా. అనపకాయల గురించి అడిగితే, "మా పుట్టిల్లు కృష్ణగిరి పక్కన సార్, మేమూ పితుకుతాము" అంది. కోలారు పక్కా అంతే. బెంగళూరులో చలికాలంలో అనపకాయల పేరుతో మేళాయే పెడతారు. మూడు రాష్ట్రాల వాళ్లూ ఇది తమదేనంటారు, ముగ్గురిదీ నిజమే. ఒకే వాన, ఒకే ఎర్రనేల, ఒకే మంచు. మా డెల్టా వంటకంటే కృష్ణగిరి వంటే పుంగనూరుకు దగ్గర.

దేవతల విషయంలోనూ అంతే. మే నెలలో కుప్పంలో ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతర. మండే ఎండల్లో గంగమ్మకు అంబలి పోయడం ఈ వైపు ఆచారం. సరిహద్దు అవతల తమిళులు ఆడి నెలలో మారియమ్మకు రాగి కూళ్ (అంబలి) పోసి అందరికీ పంచుతారు. నీళ్లు అడుగంటిన కాలంలో దేవతకు పెట్టేది చలవచేసే రాగి, తర్వాత అది తాగేది దారిన పోయే ప్రతి మనిషీ. అమ్మవారి పేరు మీద ఊరంతటికీ కడుపు నింపే ఏర్పాటు ఇది.

ఈ ఊళ్లకు నీళ్ల కోసం చేసిన ప్రయత్నాల్లో బయటి దేశాల పాత్ర కూడా ఉంది. 1990ల చివర్లో కుప్పంలో ఇజ్రాయెల్ పద్ధతిలో బిందుసేద్యపు ప్రదర్శన క్షేత్రం పెట్టారు. ఇప్పుడు డ్రిప్ పైపు లేని టమోటా మడి ఇక్కడ కనపడదు. ఇక శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన కృష్ణా జలాలు హంద్రీ-నీవా కాలువలో వందల కిలోమీటర్లు నడిచి 2025 ఆగస్టులో కుప్పం చెరువులకు చేరాయి. మా ఇంటి వెనక కాలువలో పారేదీ ఆ నది నీళ్లే. దాని పేరు చెబుతుంటే ఆ మెస్సు యజమానురాలి కళ్లలో కనపడ్డ సంతోషం నాకూ పట్టుకుంది. ఆ నీళ్లు రావాలి, ఇంకా రావాలి. వెయ్యి అడుగుల బోర్లు వేసి అప్పులపాలైన రైతుకు అది హక్కు.

నా దిగులు ఒక్కటే. మా వైపు కాలువలు వచ్చినప్పుడు మెట్ట పంటలు పోయాయి, వాటితో వంటలూ పోయాయి. మా ముత్తవ్వల కాలంలో మా ఊళ్లలోనూ జొన్నలు, ఆరికలు తినేవాళ్లు. వాటిని ఎలా వండేవారో ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చెరువు నిండగానే వరి మడి కట్టడం గొప్పగా కనిపిస్తుంది. కానీ ఒక ఎకరం వరికి పెట్టే నీళ్లతో ఎన్నో ఎకరాల రాగికి, అనపకు, చెనిక్కాయకు ప్రాణం పోసే తడి ఇవ్వొచ్చు. పుంగనూరు, కుప్పం రైతులకు డెల్టా మనిషిగా నా విన్నపం ఇది: నీళ్లొచ్చిన ఏడాది కూడా చేలో నాలుగు సాళ్లు అనప వెయ్యండి. మా వైపు పాఠకులకు ఒక మాట: వెళ్తే డిసెంబరు నడుమనుంచి సంక్రాంతి లోపల వెళ్లండి. అన్నం అడగకండి, వాళ్లు తినేది అడిగి తినండి. ఎవరైనా ఇంటికి పిలిస్తే పితకడానికి మీరూ కూర్చోండి. కిలో అనపకాయలు కొంటే బేరమాడకండి.